గుండ్రటి గొట్టానికి అంచు

గుండ్రంగా ఉన్న వస్తువును కళ్ళతో చూసి, చేత్తో తడిమి, "ఇది గుండ్రంగా ఉంది" అని ఎవరికి వారే ప్రకటించుకునే ఆటవిక యుగం ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఇకమీదట ఏది గుండ్రమో, ఏది కాదో మెట్ల రెయిలింగుల నునుపు ధ్రువీకరణ కార్యాలయం వారు నిర్ణయిస్తారు. వారికి కళ్ళు లేవని కాదు. ఉన్నాయి, కొందరికి కళ్ళజోళ్ళు కూడా ఉన్నాయి. కాకపోతే వాటిని నిర్ణయాలకు వాడరు (నిబంధన ఒప్పుకోదు).

ఈ కార్యాలయం పుట్టుకకు మూలం ఒక చొక్కా. వెనకటికి ఒక పెద్ద అధికారి ఏదో భవనం మెట్లు దిగుతుంటే, నలుచదరపు రెయిలింగు అంచుకు తగులుకుని ఆయన చొక్కా చెయ్యి మోచేతి దాకా చిరిగింది. మనలాంటి వాళ్ళ చొక్కా అయితే ఇంటికెళ్ళి కుట్టించుకునేవాళ్ళం. అది ఆయన చొక్కా కాబట్టి చట్టమైంది. "చేతికి తగిలే రెయిలింగులో ప్రతి అంచునూ గుండ్రం చేయవలెను. గుండ్రం చేయని అంచు ఒక్కటున్నా ఆ రెయిలింగును బిగించరాదు." చదివితే ముచ్చటేస్తుంది. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది?

అయితే ఊళ్ళో రెయిలింగులన్నీ తడుముతూ కూర్చోవడం తలకు మించిన పని కనక, రెయిలింగుకు కంప్యూటర్ నమూనా తయారుచేసి పంపమంటారు. వాళ్ళ యంత్రం ఆ నమూనాలో అంచులు లెక్కపెట్టి, ఆమోదమో తిరస్కారమో చెప్పేస్తుంది. మధ్యలో మనిషి చెయ్యి పడదు. అందువల్ల లంచానికి చోటు లేదు. బుర్రకూ లేదు.

ఇక మా ఇంటి సంగతి. ఒక పాత భవనంలో పై అంతస్తు మాది. మేమంటే నేను, మా చెల్లెలు, మా ఇద్దర్నీ పెంచిన పెద్దమ్మ. పెద్దమ్మ మోకాళ్ళు ఆవిడ మాట వినడం మానేసి చాలా కాలమైంది. నోరు మాత్రం నిక్షేపంలా ఉంది. అడుగు అంతస్తులో టీచరమ్మ ఉంటుంది. రిటైరైన లెక్కల టీచరు, పెద్దమ్మకు ప్రాణస్నేహితురాలు, మోకాళ్ళు ఇంకా అధ్వాన్నం. ఇద్దరికీ సాయంత్రమైతే చదరంగం ఆడకపోతే తిండి సయించదు. పెద్దమ్మే రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్ళేది, ఆట అయ్యాక టీచరమ్మను తిట్టుకుంటూ ఎక్కి వచ్చేది. నేను చెయ్యిచ్చి దింపుతానంటే ససేమిరా అనేది. "నీ చెయ్యి పట్టుకుంటే నీతో పాటే పడతాన్రా. గొట్టమైతే గోడని పట్టుకుని ఉంటుంది" అనేది.

ఆ గొట్టం మామూలు గుండ్రటి స్టీలు గొట్టం. ఎన్నో చేతులు పడీ పడీ అద్దంలా మెరుస్తుండేది. దాని స్క్రూ ఒకటి వదులై కటకటలాడుతోందని పెద్దమ్మ కార్యాలయానికి ఫోన్ చేసి చెప్పింది.

మర్నాడే వచ్చారు. (ప్రభుత్వం అంత త్వరగా వచ్చినప్పుడే మాకు అనుమానం రావలసింది.) ఇద్దరు పనివాళ్ళు ఆ వదులైన స్క్రూను వదిలేసి మిగతావన్నీ విప్పి, చివరికి దాన్నీ విప్పి, రెయిలింగును భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. పాత రెయిలింగు ముట్టుకోనంతవరకే పాతదట. ముట్టుకుంటే కొత్తదైపోతుందట. కొత్తదానికి నమూనా ఆమోదం కావాలట. మెట్ల గోడకు స్క్రూల కన్నాలు మిగిలాయి.

పెద్దమ్మ దిగడం మానేసింది గానీ ఆట మానలేదు. మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని పైనుంచి కేకలు పెట్టడం మొదలుపెట్టింది.

"టీచరమ్మా! నా గుర్రాన్ని నీ మంత్రి పక్కకి జరుపు!"

"అక్కడ నీకు గుర్రం లేదొదినా! అదెప్పుడో పోయింది!" అని కిందినుంచి టీచరమ్మ.

"పోయిందా, పోగొట్టావా?"

మధ్య అంతస్తులో పళ్ళ డాక్టరు ఉంటాడు. పేషెంటు నోట్లో అద్దం పెట్టినవాడు పెట్టినట్టే ఉంచి, తలుపు సందులోంచి తల బయటపెట్టి, "ఏనుగును జరపండమ్మా, ఏనుగును!" అని సలహా ఇచ్చేవాడు. లోపల పేషెంటు "ఆఁ" అనేవాడు. ఆ మాట ఎవరి పక్షమో తెలిసేది కాదు.

ఒక సాయంత్రం పెద్దమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి నా ముందు నిలబడింది. "ఒరేయ్, నా ఏనుగు కూడా కనబడట్లేదంటోందిరా ఆ మహాతల్లి. బోర్డు కళ్ళముందు లేకపోతే ఆవిడ రాజుని కూడా మింగేస్తుంది. నేను కిందికి దిగాలి. నాకా గొట్టం కావాలి" అంది. ఆ ఆరాటం ఏనుగు కోసం కాదని నాకు తెలుసు. రోజుకొక్కసారైనా టీచరమ్మ మొహం చూడకపోతే ఆవిడకు తోచదు.

మా చెల్లెలు ఒక కంపెనీలో యంత్రాల భాగాలకు కంప్యూటర్ మీద నమూనాలు గీస్తుంది. "గొట్టమే కదన్నయ్యా, ఎంతసేపు" అని టీ చల్లారేలోగా గీసి పంపేసింది. టీ తాగేలోగా జవాబు వచ్చింది. "అంచులు: ఒకటి. గుండ్రం చేయబడలేదు. తిరస్కరించడమైనది."

"గుండ్రటి గొట్టానికి అంచేమిటే?" అన్నాను.

చెల్లెలు నిట్టూర్చి, బల్ల మీద పేపరు తీసి గొట్టంలా చుట్టింది. "కంప్యూటర్‌కి గుండ్రం అంటే తెలీదన్నయ్యా. దానికి తెలిసిందల్లా పరిచిన కాగితమే. గొట్టం కావాలంటే ఆ కాగితాన్ని ఇలా చుట్టి, ఈ చివరా ఆ చివరా కలుపుతుంది. కలిసిన చోట పొడుగునా ఒక గీత మిగుల్తుంది. లెక్క కోసం పెట్టుకున్న గీత అది. గొట్టం మీద ఉండదు."

"లేని గీత దానికెందుకే?" అంది పెద్దమ్మ.

"అది లేకపోతే ఎక్కడ మొదలెట్టాలో, ఎక్కడ ఆపాలో దానికి తెలీదు పెద్దమ్మా."

"మీ పెదనాన్న మాట్లాడ్డం మొదలెట్టినా అంతే. పాపం, ఆయనకీ ఒక గీత పెట్టి ఉండాల్సింది."

ఇంత చిన్న విషయం విడమరిచి చెబితే అధికారులకు మాత్రం అర్థం కాదా అనుకుని, నేనూ చెల్లెలూ కార్యాలయానికి వెళ్ళాం. అది మరో పాత భవనంలో పై అంతస్తు. వాళ్ళ మెట్లకు మాత్రం గుండ్రటి గొట్టమే ఉంది. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ దాన్నే పట్టుకుని ఎక్కి దిగుతున్నారు. (ఇంకా ఎవరూ ముట్టుకోలేదు కనక అది పాతదే. అంటే, పట్టుకోవడం ముట్టుకోవడం కిందికి రాదు.) లోపల ఒకదానికొకటి అతికించిన ఇనప కుర్చీల్లో జనం గోడలకేసి చూస్తూ కూర్చున్నారు. మా వంతు వచ్చాక నునుపు అధికారి గారు మమ్మల్ని ఎంతో మర్యాదగా కూర్చోమన్నారు. ఆయన బల్ల మీద కాగితాలు ఎగరకుండా ఒక గుండ్రటి స్టీలు గొట్టం ముక్క పెట్టుకున్నారు. మాట్లాడుతున్నంతసేపూ దాన్ని అరచేతి కింద దొర్లిస్తూనే ఉన్నారు.

చెల్లెలు మళ్ళీ పేపరు చుట్టి చూపించింది. ఆయన అంతా శ్రద్ధగా విన్నారు.

"బాగా చెప్పారమ్మా. కానీ అంచు ఉందని కంప్యూటరు చెప్పింది కదా."

"మీ చేతికింద ఉన్నది కూడా అలాంటి గొట్టమేనండి. ఒకసారి వేలితో తడిమి చూడండి, ఎక్కడైనా అంచు తగులుతుందేమో" అన్నాను.

ఆయన నిజంగానే కళ్ళు మూసుకుని చుట్టూ తడిమారు. "చాలా నున్నగా ఉందండి" అని ఒప్పుకున్నారు.

"మరి?"

"నా వేలికి వేలిముద్ర వేసే అధికారం వరకే ఉందండి. తడిమే అధికారం ఇవ్వలేదు. మీరు ఒక పని చేయండి. ఆ అంచేదో గుండ్రం చేసి తెచ్చెయ్యండి, క్షణంలో ఆమోదిస్తాం."

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. మేం ఇంటికొచ్చి దూడను కట్టెయ్యడానికి ప్రయత్నించాం. చెల్లెలు ఆ గీత మీద నొక్కి గుండ్రం చెయ్యమని అడిగితే, కంప్యూటర్ ఎర్రక్షరాలతో బదులిచ్చింది. "ఈ చోట ఉపరితలం ఇప్పటికే నునుపుగా ఉంది. గుండ్రం చేయడం సాధ్యం కాదు." నాకు ఎక్కడలేని సంతోషం కలిగింది. ఆ ముక్కనే కాగితం మీద అచ్చుకొట్టించుకుని మళ్ళీ వెళ్ళాను.

అధికారి గారు చదివి, "ఇది మీ ఇంటి కంప్యూటరు కదండి" అన్నారు.

"అవును."

"బంధువుల సాక్ష్యం చెల్లదండి."

కార్యాలయం వాడే సాఫ్ట్‌వేర్‌లోకే నమూనాను మార్చి పంపితే పని సులువవుతుందని ఆయనే సలహా ఇచ్చారు. మార్చాం. ఆ సాఫ్ట్‌వేర్‌కు ఒక పట్టింపు ఉంది. ఏ ఉపరితలమూ చుట్టూ తిరిగి వచ్చి తన తోకను తానే పట్టుకోవడం దానికి గిట్టదు. గొట్టం కనబడగానే నిలువునా రెండు డొప్పలుగా చీలుస్తుంది. డొప్పలు రెండు కలిసే చోట్లు రెండు కనక, అంచులు రెండయ్యాయి. పై కార్యాలయానికి అప్పీలు చేసుకున్నాం. వాళ్ళది ఇంకా ఖరీదైన సాఫ్ట్‌వేర్. అది నాలుగు ముక్కలు చేసింది. వెంటనే మాకు నోటీసు వచ్చింది. "మొదట ఒకటి, తరువాత రెండు, ప్రస్తుతం నాలుగు. మీ గొట్టం పరిస్థితి రోజురోజుకూ విషమించుచున్నది. సంజాయిషీ ఇవ్వవలెను." తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నవాడు వీళ్ళకన్నా నయం. వాడు కనీసం ఆ మూడింటి మీదైనా నిలబడ్డాడు.

ఈలోగా గొట్టం కింది కొస తెరిచి ఉందనీ, దానికి గుండ్రటి బంతి ఒకటి బిగించాలనీ మరో ఆదేశం. బంతి గీసింది చెల్లెలు. కాగితాన్ని బంతిలా చుట్టాలంటే పైనా కిందా రెండు చోట్ల కుచ్చెళ్ళన్నీ ఒక్క బిందువు దగ్గరికి రావాల్సిందే కదా. యంత్రం ఆ రెండు బిందువులనూ చూసింది. "మొనలు: రెండు" అని రాసింది. రెండు మొనలున్న లోహపు వస్తువు కనక ఫైలు తిన్నగా మారణాయుధాల విభాగానికి వెళ్ళింది.

ఆ విభాగంనుంచి ఒక పోలీసాయన వచ్చి, మొనలు చూపించమన్నాడు. వస్తువే ఇంకా తయారు కాలేదన్నాం. అయితే తయారయ్యేదాకా కూర్చుంటానన్నాడు. పెద్దమ్మ ఆయనకు మంచినీళ్ళిచ్చి, "ఎటూ ఖాళీగానే ఉన్నావు కదా నాయనా, కిందికెళ్ళి బోర్డు మీద నా ఏనుగుందో లేదో చూసి రా" అంది. ఆయన వెళ్ళి చాలాసేపటికి చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు.

"ఆ టీచరుగారు విచారణకు సహకరించడం లేదండి. పైగా నన్ను ఎక్కాలు చెప్పమన్నారు" అని టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. బంతిని తీసేశాం.

తర్వాత వెళ్ళినప్పుడు అధికారి గారికి మా మీద నిజంగానే జాలి కలిగింది. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "అసలు మీరు నలుచదరపు గొట్టం పెట్టుకోరాదూ?" అన్నారు.

"దానికి అంచులుంటాయి కదండీ!" అంది చెల్లెలు.

"అదేనమ్మా దాని గొప్పతనం. అవి నిజమైన అంచులు. గుండ్రం చెయ్యడానికి వీలుంటుంది. లేని అంచులతోనే మాకు చిక్కు."

ఏ అంచు చొక్కా చింపిందని ఈ కార్యాలయం పుట్టిందో, ఆ అంచునే నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చాం. చెల్లెలు నలుచదరపు గొట్టం గీసి నాలుగు మూలలూ కాస్త గుండ్రం చేసింది. "చదును భాగం మిగిలి ఉన్నది. ఇంకను గుండ్రం చేయవలెను" అని తిరిగొచ్చింది. ఇంకాస్త చేసింది. ఇంకా చెయ్యమన్నారు. నాలుగు మూలల్నీ చదును మిగలకుండా గుండ్రం చేసుకుంటూ పోతే చివరికి ఏమవుతుందో ఎవరైనా చెప్పగలరు. గుండ్రటి గొట్టమవుతుంది. నాలుగు గుండ్రటి ముక్కలు నాలుగు చోట్ల కలిశాయి. "అంచులు: నాలుగు. గుండ్రం చేయబడలేదు." వెంట్రుకవాసి చదును ఉంచి పంపితే చదును ఉందన్నారు. తీసేస్తే అంచులున్నాయన్నారు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

చెల్లెలు కీబోర్డు మీద తల వాల్చేసింది. "నాకు ఏడుపొస్తోందన్నయ్యా. విమానం రెక్కలకి కూడా నేనింత తిప్పలు పడలేదు. మా ఆఫీసులో అందరూ నన్ను గొట్టం మేడమ్ అంటున్నారు" అంది.

అప్పుడే మెట్ల దగ్గర ఓ ఆట ఓడిపోయిన పెద్దమ్మ, గోడలు పట్టుకుంటూ లోపలికొచ్చింది. పిల్ల మొహం చూసింది. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. "పోనీ తీసి పారెయ్యవే ఆ దిక్కుమాలిన గొట్టం! అదొక్కటీ లేకపోతే ఏ గొడవా ఉండదు!"

చెల్లెలు తల ఎత్తింది. పెద్దమ్మకేసి చూసింది, తెరకేసి చూసింది. గొట్టం మీద నొక్కి తుడిచేసింది. తెర మీద ఏమీ మిగల్లేదు. ఆ ఏమీ లేనిదానికి "మెట్ల రెయిలింగు, తుది నమూనా" అని పేరు పెట్టి పంపేసింది. కసి తీరడానికి పంపిందే తప్ప దానికి వేరే ఉద్దేశం లేదు.

మీట మీంచి వేలు తీసేలోగా జవాబు వచ్చింది. "అంచులు: లేవు. మొనలు: లేవు. చదును: లేదు. సంపూర్ణ నునుపు. ఆమోదించడమైనది."

మర్నాడు మళ్ళీ ఆ ఇద్దరు పనివాళ్ళే వచ్చారు. చేతిలో పనిముట్ల సంచి ఉంది.

"రెయిలింగేదయ్యా?" అన్నాను.

"నమూనాలో ఉన్నదంతా తెచ్చామండి" అన్నారు. వాళ్ళు ఒళ్ళు దాచుకునే మనుషులు కాదు. గోడ కన్నాలకు అంచులుంటాయి కనక వాటిని పుట్టీతో పూడ్చి, పైన రంగు వేసి, పొడుగునా కొలత పెట్టి చూసుకుని, ఫోటో తీసుకున్నారు. నేను లబోదిబోమన్నాను. వాళ్ళు గోడకు "సంపూర్ణ నునుపు" అని ఒక స్టిక్కరు అంటించి, మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయారు.

పెద్దమ్మ ఆ స్టిక్కరు చదివింది. సాయంత్రం బట్టలు సర్దుకుని పై మెట్టు మీద కూర్చుంది. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే జరిగి తర్వాతి మెట్టు మీదికి వెళ్ళింది. అలా ఒక్కో మెట్టూ దేకుతూ కిందిదాకా పోయింది. చెల్లెలు ముందు, నేను వెనక, ఏం చెయ్యాలో తెలియక చేతులు చాచుకుని నడిచాం. మధ్యలో పళ్ళ డాక్టరు తలుపు తీసి, ఆవిణ్ణి చూసి, తలుపేసుకున్నాడు. కింద టీచరమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని, "వచ్చావా వదినా" అంది. పెద్దమ్మ కూడా కళ్ళు తుడుచుకుని, ముందు టీచరమ్మ కళ్ళజోడు పెట్టె తెరిచింది. ఏనుగు అందులో ఉంది.

కూర్చుని దిగవచ్చు గానీ కూర్చుని ఎక్కడం సాధ్యం కాదు. పెద్దమ్మ అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు కేకలు కిందినుంచి పైకి వస్తున్నాయి. "కిటికీ వేశారా?" "నా మాత్రలు తెండి!" "ఆ పిల్ల తిన్నదా?" ఇల్లు బోసిపోయింది. నాకు, ఇందులో దాచుకోవడానికేం లేదు, చాలా బెంగగా ఉంది.

కొద్ది రోజులకు అధికారి గారే స్వయంగా కింది ఇంటికి వచ్చారట, రెయిలింగు ఎలా పనిచేస్తోందో కనుక్కోవడానికి.

"దిగేటప్పుడు చేతికి అంచులేమైనా తగిలాయా అమ్మా?"

"చేతికి ఏం తగుల్తుందయ్యా, నా మొహం! ఏమీ తగల్లేదు!"

"ఏమీ తగలలేదని లబ్ధిదారు స్వయంగా ధ్రువీకరించారు" అని ఆయన రాసుకుని, దణ్ణం పెట్టి వెళ్ళారట.

పెద్దమ్మను ఎలాగైనా ఇంటికి తెచ్చుకోవాలి. గుండ్రమో చదరమో, ముళ్ళున్నా ఫర్వాలేదు, మెట్లెక్కేటప్పుడు పట్టుకునేందుకు ఒక గొట్టం ఇమ్మని అడగడానికి నిన్న మళ్ళీ కార్యాలయానికి వెళ్ళాను. వాళ్ళ మెట్లకు పాత గొట్టం లేదు. గోడ శుభ్రంగా ఉంది. కన్నాలు పూడ్చి, రంగు వేసి, స్టిక్కరు అంటించారు. ఊళ్ళో రెయిలింగులన్నిటినీ మా నమూనా ప్రకారమే మారుస్తున్నారట, మొదట వాళ్ళ కార్యాలయంతోనే మొదలుపెట్టారట. పైనుంచి నునుపు అధికారి గారు దిగుతున్నారు. మెట్టు మీద కూర్చుని, ఒళ్ళో ఫైళ్ళు పెట్టుకుని, ఒక్కో మెట్టూ దేకుతూ.

నా విన్నపం ఆయన ఎప్పటిలాగే శ్రద్ధగా విన్నారు. "మీ మెట్లకు ఇప్పటికే ఒకటుంది కదండీ, అందులోనూ ఊరికంతటికీ ఆదర్శమైనది. ఒకే మెట్లకు రెండో రెయిలింగు ఇవ్వడానికి నిబంధన ఒప్పుకోదు" అన్నారు.

నేను పక్కకు ఒదిగి దారిచ్చాను. ఆయన అలవాటు కొద్దీ చెయ్యి చాపి, ఒకప్పుడు గొట్టం ఉన్న చోట కాసేపు గోడను తడిమి, కింది మెట్టు మీదికి జారారు.

"చూశారా, చేతికి ఒక్క అంచు కూడా తగలడం లేదు" అన్నారు తృప్తిగా.